కుప్పన్ మేస్త్రీ నడక

జానకిరామన్ చచ్చిపోయాడన్న కబురు చేరేటప్పటికి ఆయన తమ్ముడు రాఘవులు గుడియాత్తం నెల్లూరుపేటలో రెండో అంతస్తు పరంజా మీద నిలబడి గోడకు పూత పూస్తున్నాడు. కబురు తెచ్చింది అతని పెళ్లాం సరస్వతమ్మ.

"ఏమయ్యా, దిగు. బావ పోయినాడంట. రాయవేలూరు ఆసుపత్రిలో, పొద్దున ఆరు గంటలకు. ఫోను బూతుకు కబురొచ్చింది."

రాఘవులు చేతిలో తాపీ ఆగలేదు.

"కలిపిన మాలు ఉండాది. ఎండకు బిగుసుకుంటాది. అయిపోనీ."

కలిపిన సిమెంటు ఎవరి చావుకూ ఆగదు, నిజమే. అయినా తోడబుట్టినవాడు పోయాడని విని కూడా తట్ట ఖాళీ అయ్యేదాకా గోడ నునుపు చేస్తూ నిలబడ్డ మనిషిని ఆ పూట వీధిలో అందరూ చూశారు, నోళ్లు నొక్కుకున్నారు. సరస్వతమ్మ కొంగు నెత్తిన వేసుకుని ఇసుక కుప్ప పక్కన ఎండలోనే నిలబడింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆ మనిషిని తొందరపెట్టి సాధించినదేమీ లేదని ఆమెకు బాగా తెలుసు.

జానకిరామన్ అంటే మీకు చప్పున గుర్తు రాకపోవచ్చు. ముఖం చూపిస్తే మాత్రం, అయ్యో ఈయనా, అంటారు. తమిళ సినిమాల్లో హీరోకి తండ్రి, హీరోయిన్‌కి మేనమామ, గుడి ముందు ముసలాయన, జమీందారు బంగళాలో తలుపు తీసే నౌకరు. నూట ఎనభై సినిమాలు చేశాడు. పోస్టరు మీద బొమ్మ వేసింది మాత్రం ఒక్క సినిమాకే, ఒక్క వేషానికే. అది మేస్త్రీ వేషం. ఎడమ కాలు ఈడుస్తూ, నడుం మీద చెయ్యి ఆనించి, నాలుగడుగులకోసారి ఆగి ఆకాశం కేసి చూసి మళ్లీ కదిలే మేస్త్రీ. మాట అరవంలో మొదలుపెట్టి, మధ్యలో తట్టుకుని, తెలుగులో ముగించే మేస్త్రీ. పోలీసులు పట్టుకోవడానికొచ్చినా, కూతురికి పెళ్లి చూపులయినా, ఆఖరికి ఇల్లు తగలబడుతున్నా ఆ మేస్త్రీది ఒకటే మాట: "కొంజెం నిల్లప్పా, గుండు ఊగతాండాది." కొంచెం ఆగవయ్యా అని. తూకం గుండు తాడు చివర ఊగడం ఆగితే తప్ప గోడ వాలు తెలియదు కదా, అదన్నమాట. పద్దెనిమిదేళ్ల కిందట ఆ మాటకు తమిళదేశమంతా పగలబడి నవ్వింది. ఇప్పటికీ నవ్వుతోంది.

ఆ మేస్త్రీ ఎవరో గుడియాత్తంలో తెలుగు ఇళ్లన్నిటికీ తెలుసు. ఆయన కుప్పన్ మేస్త్రీ. జానకిరామన్‌కీ రాఘవులుకీ కన్నతండ్రి.

కుప్పన్ నలభయ్యో ఏట అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గోడౌను కడుతూ పైనుంచి పడ్డాడు. తుంటి విరిగి అతుక్కుంది, సరిగా అతుక్కోలేదు. అట్లాగే పరంజాలెక్కాడు. ఆ కాలు ఈడ్చుకుంటూనే ఇద్దరు కొడుకులకూ కూడు పెట్టాడు. పెద్దోడికి తాపీ పట్టడం చేతకాదు, నాటకాల పిచ్చి. "వానికి చెయ్యి రాదులే, నోరు వస్తాది. పోనీ మద్రాసుకు," అని తానే రైలెక్కించాడు. అటువంటి తండ్రి ఆయన.

ఆ సినిమా గుడియాత్తంలో ఆడిన మొదటి రోజు కుప్పన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మ్యాట్నీకి పోయాడు. రాఘవులు పక్కన కూర్చున్నాడు. సరస్వతమ్మ ఆడవాళ్ల వైపు కూర్చుంది. తెర మీద మేస్త్రీ వచ్చాడు. హాలు పైకప్పు లేచిపోయేట్టు నవ్వింది. పావుగంట ఓర్చుకున్నాక కుప్పన్ లేచి బయటికి నడిచాడు. తెర మీద ఆ నడక, బెంచీల మధ్య ఈ నడక. ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి చూసి మరింత నవ్వారు.

మర్నాటినుంచి ఆయన వీధిలోకి వస్తే చాలు, "మేస్త్రీ, గుండు నిలిచిందా?" అని కేకలు. పనిలోకి పిలిచినవాళ్లు కూడా, మేస్త్రీ ఒక్కసారి ఆ మాట అను, అనేవాళ్లు. నెల తిరక్కుండా ఆయన పని మానేశాడు. ఆ తరువాత మాటలు కూడా తగ్గించేశాడు. తెల్లవారకముందే లేచి పెరట్లో గోడ పట్టుకుని కాలు సక్రమంగా వెయ్యడం నేర్చుకోవాలని చూసేవాడు. అరవై ఏళ్ల మనిషి! కాలు ఎక్కడ మాట వింటుంది? రెండేళ్లు అరుగు మీదే కూర్చుని పోయాడు. జానకిరామన్ ఎక్కడో కొండల్లో షూటింగులో ఉండి మూడోనాటికి వచ్చాడు. అప్పటికే రాఘవులు మట్టి వేసి వచ్చేశాడు.

అన్నను గడప దాటనివ్వలేదు రాఘవులు. జానకిరామన్ వాకిట్లో నిలబడి ఒక్క మాట అన్నాడు. "డైరెక్టరు అట్ల చెయ్యమన్నాడురా. కాదంటే ఇంగొగనికి ఇస్తానన్నాడు. కడుపు రా అది." రాఘవులు తలుపు వేశాడు. ఆ తరువాత పదహారేళ్లు ఇద్దరి మధ్యా మాట లేదు. అన్న ఊరికొచ్చి లాడ్జీలో దిగితే తమ్ముడు ఆ వీధి వదిలి ఇంకో వీధిన పోయేవాడు. కానీ వాకిట్లో విన్న ఆ ఒక్క మాటను మాత్రం పారెయ్యలేదు. కడుపు కోసమే చేశాడు, పాపం, ఎవడో చెయ్యమంటే చేశాడు. మనసు మెత్తబడిన రోజున రాఘవులు ఆ మాటే పట్టుకుని వేళ్లాడేవాడు.

మాలు అయిపోయింది. తాపీ కడుక్కుని దిగాడు.

"ఆయనకు పెండ్లాం పోయింది, బిడ్డల్లేరు. నువ్వు గాక ఎవురు చేస్తారు?" అంది సరస్వతమ్మ.

"సినిమావోళ్లుండారు గదా. వాళ్లనే చెయ్యమను."

"వాళ్లు పూలదండ వేస్తారు. మట్టి వేస్తారా?"

రాఘవులు చొక్కా వేసుకున్నాడు. ఇద్దరూ రాయవేలూరు బస్సెక్కారు.

ఆసుపత్రి వెనక శవాలగది దగ్గర అప్పటికే నాలుగైదు కార్లు ఆగి ఉన్నాయి. తెల్లచొక్కా మనిషొకడు పరుగులాంటి నడకతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతను సెల్వం, గుడియాత్తంలో జానకిరామన్ అభిమాన సంఘానికి పెద్ద. పోస్టర్లు అచ్చుకు పోయాయనీ, షామియానా, మైకు, డప్పులు అన్నీ చెప్పేశాననీ, తమ నాయకుడు, తలైవర్, కోరిక ప్రకారం సొంత ఊళ్లోనే సమాధి అనీ గడగడా చెప్పాడు. బయటివాడే అయినా ఆ మనిషి కళ్లు వాచి ఉన్నాయి. ఏడ్చినవాణ్ణి విసుక్కోవడానికి రాఘవులుకు నోరు రాలేదు.

గుడ్డ తీసి చూపించారు. అన్నను అంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో! రోగం కండంతా తినేసింది. బుగ్గలు లోపలికి పోయాయి, పైపెదవి పళ్లకు అతుక్కుపోయింది. అక్కడ పడుకున్నది జానకిరామన్ కాదు, కుప్పన్ మేస్త్రీ. అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టిన నాటి ముఖమే. రాఘవులుకు ఏడుపొచ్చింది. ఎవరి కోసమో అతనికే తెలియలేదు, తన్నుకొచ్చింది, ఏడ్చాడు.

లావు కళ్లద్దాల ముసలాయన ఒకడు వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆయనే కార్తికేయన్, ఆ సినిమా తీసిన డైరెక్టరు. "మీ అన్న పోలేదయ్యా, నా కుడిచెయ్యి పోయింది," అని తమిళంలో అంటూ పసివాడిలా వెక్కాడు. ఈయనే కదా చెయ్యమన్నది అనుకున్నాడు రాఘవులు. చెంప పగలగొట్టాలని పదహారేళ్లు అనుకున్న మనిషి ఎదురుగా నిలబడి, తన భుజం మీదే తల ఆనించి ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు. సరే, పోయినవాడు పోయాడు. ముసలాయనకూ కాలం దగ్గరపడింది. ఇంకా ఎన్నాళ్లు మోస్తాం?

"నేనే చేస్తా, మట్టి నేనే వేస్తా," అన్నాడు సరస్వతమ్మతో. ఆమె కళ్లు తుడుచుకుంది.

శవం వ్యాను గుడియాత్తం చేరేసరికి గోడల నిండా కన్నీటి అంజలి పోస్టర్లు అంటించేశారు. ఒక్కటంటే ఒక్క పోస్టరు మీదా జానకిరామన్ మామూలు ముఖం లేదు. అన్నిటి మీదా తలపాగా, భుజం మీద తూకం గుండు, ఈడ్చిన ఎడమ కాలు. రాఘవులు వ్యాను కిటికీ మూసుకున్నాడు.

రాఘవులు ఇంటి ముందు వీధికి అడ్డంగా షామియానా వేశారు. అద్దాల పెట్టెలో అన్న, పక్కన మైకు, ఎదురుగా కుర్చీలు. ఇళ్ల కప్పుల మీద, కొత్తగా మొలిచిన టీవీ డిష్షుల పక్కన, సందు లేకుండా జనం. మధ్యాహ్నం ఒంటిగంటకు నివాళి సభ మొదలయింది.

ముందు మేరి లేచింది. తెర మీద జానకిరామన్‌కి ఎప్పుడూ పెళ్లాం వేషం వేసే మనిషి. రంగు లేని ముఖంతో ఆమెను పోల్చుకోవడానికి జనానికి కొంచెం సేపు పట్టింది.

"ఇరవై రెండు సినిమాల్లో నేను ఈయన భార్యను," అంది. "పదకొండింటిలో ఈయన చనిపోతే నా గాజులు పగలగొట్టారు. ప్రతిసారీ షాటు అవగానే లేచి కూర్చుని, మేరీ, గాజుముక్క గుచ్చుకుందా అని నా చెయ్యి తిప్పి చూసేవాడు. పొద్దుటినుంచీ చూస్తున్నాను. ఇవాళ లేవడం లేదు."

అంతే అంది, కూర్చుంది. కప్పుల మీద ఆడవాళ్లంతా ఏడ్చారు. రాఘవులు కూడా కళ్లొత్తుకున్నాడు. అన్న మంచివాడే సుమా అనిపించింది. పరాయి ఆడదాని చేతికి గాజు గుచ్చుకుందేమో అని చూసినవాడు సొంత తండ్రికి కావాలని ముల్లు గుచ్చుతాడా?

తరువాత హీరో ఒకడు వచ్చాడు. నల్లకళ్లద్దాలు తియ్యకుండా, సారు నాకు తండ్రి లాంటివారు అని రెండు నిమిషాలు మాట్లాడి, దండ వేసి కారెక్కాడు. సగం జనం ఆ కారు వెంట పరుగెత్తి మళ్లీ తిరిగొచ్చారు. ఇంకా ఎవరెవరో మాట్లాడారు. అందరూ ఆ మేస్త్రీ దగ్గరికే వచ్చి ఆగారు. ఒకాయన మైకు ముందే నడుం మీద చెయ్యి వేసి రెండడుగులు నడిచి చూపించాడు. ఏడుపు మధ్యలో నవ్వులు. రాఘవులు తల వంచుకుని పళ్లు బిగబట్టాడు. ఇంకో గంట ఓర్చుకుంటే అయిపోతుంది అనుకున్నాడు.

చివర కార్తికేయన్ లేచాడు. ఇద్దరు పట్టుకుంటే గాని నిలబడలేకపోయాడు. మైకు పట్టుకున్నాక గొంతులో ఎక్కడినుంచో బలం వచ్చింది.

"ఆ వేషం నేను రాశానని అందరూ అంటారు. ఇవాళ ఈయన ముందు అబద్ధం చెప్పలేను. నేను రాసింది రెండే మాటలు. గోడ కట్టే మనిషి వస్తాడు, పని అయిపోయిందయ్యా అంటాడు, పోతాడు. ఆ ముక్కకు ఎవడైనా చాలు. జానకిరామన్ మామూలుగానే చేశాడు. బాగుంది, సరే అన్నాను. అప్పుడు నా దగ్గరికొచ్చి, సార్, ఇంకొక్క టేకివ్వండి, మా నాయన నడక చేసి చూపిస్తాను, మా నాయన మాట్లాడేది చేసి చూపిస్తాను, నచ్చకపోతే తీసెయ్యండి అన్నాడు. నడిచాడు. కెమెరామాన్ నవ్వలేక కింద కూలబడ్డాడు. రెండు మాటల వేషాన్ని పద్నాలుగు సీన్లు చేశాను. మీ తండ్రిగారికి కోపం రాదా అని నేనే అడిగాను. దానికేమన్నాడో తెలుసా? మా నాయనకు నేనంటే ప్రాణం సార్, ఏమీ అనుకోడు, అన్నాడు. తండ్రి నడకను ఇన్ని కోట్లమందికి ఇచ్చిన కొడుకు ఇంకెవడున్నాడయ్యా!"

చప్పట్లు. ఈలలు. సెల్వం రెండు చేతులూ ఎత్తి ఏడుస్తూ తలైవా అని అరిచాడు.

రాఘవులు కుర్చీలోంచి లేచాడు. దుఃఖం పట్టలేక లేచాడనుకుని జనం దారి ఇచ్చారు. ఇంట్లోకి పోయి, పెరట్లోకి పోయి, బావి గట్టు మీద కూర్చున్నాడు. సరస్వతమ్మ వెనకే వచ్చింది.

"విన్నావా ఆయప్ప చెప్పింది?"

"విన్నా."

"ఎవురూ చెయ్యమన్లేదంట. వీడే పోయి అడిగి చేసినాడంట. మెప్పు కోసరం. నాయన్ని అమ్ముకున్నాడు. మళ్లా వచ్చి నా ముందర నిలబడి కడుపన్నాడు. పదహారేండ్లు ఆ మాట పట్టుకోనుండాను నేను. నాకు బుద్ధి లేదు."

"ఇప్పుడేమంటావు?"

"నేను రాను. ఆ సెల్వాన్ని పట్టుకోమను. వాడే మట్టి వెయ్యనీ. నా నోట అన్న అనే మాట ఇంగ రాదు."

బయట ఎవరో మైకులో శవాన్ని నాలుగు గంటలకు ఎత్తుతారని చెబుతున్నారు. ఆమె గట్టు మీద అతని పక్కన కూర్చుంది.

"ఒగటి అడుగుతా, చెప్పు. మామ ఎప్పుడన్నా బావను తిట్టినాడా?"

"లేదు."

"రెండేండ్లు ఆయనకు కూడు పెట్టింది నేను. తినేటప్పుడు దినామూ అడుగుతా ఉండె, పెద్దోని దగ్గరనించి జాబొచ్చిందా, వాడు బాగుండాడా అని. అక్కసు నాకు యాడా కనపల్లేదు. నువ్వు పనినించి వచ్చి ఎదురుగా కూచుంటే మట్టుకు ముఖం గోడ తట్టు తిప్పుకుంటా ఉండె. నీతో ఒగ మాట ఆడింది లేదు. పెద్దోడు చేసిన దానికి చిన్నోని మీద ఎందుకప్పా అంత కోపం అని నేను అనుకుంటా ఉంటి. ఈనాటికీ నాకు తెల్దు."

రాఘవులు ఆమె ముఖం చూడలేకపోయాడు. బావిలోకి చూస్తూ కూర్చున్నాడు. సరస్వతమ్మ లేచింది.

"నీ ఇష్టం. బలవంతం చేసి మట్టి వేయిస్తే అది మట్టీ కాదు, ఏమీ కాదు," అని లోపలికి పోయింది.

డప్పులు మొదలయినాయి. రాఘవులు లేచాడు, రెండు చేదల నీళ్లు తోడి నెత్తిన పోసుకున్నాడు. తడిపంచెతో వీధిలోకి వచ్చాడు. కోపం పోయి వచ్చాడనుకుంటే పొరపాటు. కోపం అక్కడే ఉంది. పోవడానికి కాళ్లకు ఇంకో దిక్కు దొరకలేదు, అంతే.

శవాన్ని పాడె మీదికి మార్చి ఎత్తారు. రాఘవులు ముందు నడవాలి. అతనికీ డప్పులకూ మధ్య సంఘం కుర్రాళ్లు ఏర్పాటు చేసుకున్న నివాళి ఒకటుంది. రెండొందల మంది. అందరికీ తలపాగాలు, భుజాన తాళ్లు, తాళ్ల చివర గుండ్లు. డప్పు మారింది. రెండొందల మందీ నడుం మీద చెయ్యి పెట్టి ఎడమ కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టారు. నాలుగడుగులు, ఆగడం, ఆకాశం కేసి చూడడం. మళ్లీ నాలుగడుగులు. వాళ్లు వెటకారం చెయ్యడం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కొందరు నిజంగా ఏడుస్తూనే ఈడుస్తున్నారు. వాళ్లెవరూ కుప్పన్ మేస్త్రీని చూసి ఎరగరు. ఆయన పోయేటప్పటికి సగం మంది పుట్టి కూడా ఉండరు.

బజారు వీధి పొడుగునా అదే నడక. రాఘవులు తన కాళ్లు తనే చూసుకుంటూ నడిచాడు. ఎడమ కాలు ఎక్కడ వేస్తున్నాడో, ఎట్లా వేస్తున్నాడో పట్టి పట్టి చూసుకుని మరీ వేశాడు. పెరట్లో గోడ పట్టుకుని నాయన చేసింది ఇదే అని అప్పుడు ఒంటికి తెలిసింది. మిద్దెల మీదనుంచి పూలు పడ్డాయి. వెనక కారులో కార్తికేయన్ అద్దం దించి ఆ కుర్రాళ్లను చూసి చేతులు జోడించాడు.

కౌండిన్య నది ఎండి ఇసుక మేట వేసిన చోట, శ్మశానానికి ఇంకా రెండొందల గజాలుండగా, కులపెద్ద అప్పాసామి చెయ్యెత్తాడు. డప్పులు ఆగాయి. పాడె దించారు.

ఎందుకు దించారని కార్తికేయన్ కారు దిగి అడిగాడు. సెల్వం కూడా తెల్లముఖం వేశాడు. అప్పాసామి ఓపికగా చెప్పాడు. "ఇది దింపుడు కళ్లమయ్యా. మా తెలుగోళ్లలో ఉండాది. ఊరు దాటినంక ఒగతూరి దించి, అయినోళ్లు చెవిలో మూడుమాట్లు పిలవాల. ప్రాణం యాడన్నా కొంచెం మిగిలుంటే పలుకుతాది. పలక్కుంటే ఇంగ లేదని మట్టికి పోతాము." తరువాత రాఘవులు వైపు తిరిగాడు. "రా నాయనా. వరస పెట్టి పిలువు."

ఇది వస్తుందని రాఘవులుకు పొద్దుటినుంచీ తెలుసు. ఆ మాట నోట రాదని పెళ్లాంతో అన్నప్పుడు కూడా ఇదే మనసులో ఉంది. ఆడవాళ్లలో నిలబడి సరస్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. కుర్రాళ్లు తలపాగాలు తీసేశారు. వేల మంది జనంలో దగ్గు కూడా వినబడలేదు.

ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని వంగాడు. నాయన ముఖమే. నాయన చెవే, తమ్మె కొంచెం పొడుగు. ఆ చెవి దగ్గర నోరు పెట్టాక, ఇన్నేళ్లూ ఎవరితోనూ అననిది, తనతో తాను కూడా అననిది, ఎదురుగా వచ్చి కూర్చుంది.

ఆనాడు తెర మీద మేస్త్రీ వచ్చినప్పుడు ముందు వీపు కనబడింది. ముఖం ఇంకా తిరగలేదు. నాలుగడుగులు నడిచాడు. హాలంతా ఊరికే చూస్తోంది. ఎవరికి తెలుసు అది ఎవరి నడకో? రాఘవులుకు తెలుసు. తెలిసి పకాలున నవ్వాడు. మొత్తం హాల్లో మొట్టమొదట నవ్వింది అతనే. నవ్వి, పక్కనున్న నాయన తొడ మీద చరిచి, "నాయనా, నువ్వే! అచ్చం నువ్వే!" అని అరిచాడు. ఆ అరుపుకు ముందు వరసలు వెనక్కి తిరిగాయి. కుప్పన్‌ను చూశాయి, తెరను చూశాయి. అప్పుడు పుట్టింది హాల్లో నవ్వు. కుప్పన్ తెర వైపు చూడలేదు. చిన్నకొడుకు ముఖంలోకి చూశాడు, చాలాసేపు చూశాడు. చిన్నకొడుకు నవ్వు ఆపుకోలేక ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"అన్నా," అన్నాడు రాఘవులు.

అప్పాసామి వంగి, "కొంచెం గట్టిగా నాయనా," అన్నాడు.

"అన్నా!"

రెండోది జనానికి కూడా వినబడింది. మూడోది ఎవరికీ వినబడలేదు. పెదవులు చెవికి ఆనించి చెప్పాడు.

"అన్నా, నేనే ముందు నవ్వినా. నువ్వు యాడనో మద్రాసులో ఉంటివి. నాయన పక్కన కూచోనుండి, నాయన తొడ మీద కొట్టి నేను నవ్వినా. నాయన చూసింది నన్ను. నీ మీద పెట్టేసి ఇన్నేండ్లు బతికినా నేను. ఒగ మాట అను అన్నా. తిట్టన్నా తిట్టు."

చెప్పి, చెవిని అన్న నోటి దగ్గర పెట్టాడు. ఆనవాయితీకి ఒక క్షణం పెడితే చాలు. రాఘవులు తియ్యలేదు. కార్తికేయన్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మోసేవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి అప్పాసామి అతని వీపు మీద చెయ్యి వేసి, అడగవలసిన మాట అడిగాడు.

"ఏమన్నా పలికినాడా నాయనా?"

"లేదప్పా," అన్నాడు రాఘవులు. "ఏమీ అన్లేదు."

పాడె ఎత్తారు.